కవిటిలో ఉన్న 1997 జీపు 3 లక్షల 20 వేలకు కొనొచ్చా?

తమ్ముడూ, మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. మీరుండేది రాజాం. కవిటి దగ్గర కొబ్బరి వ్యాపారం చేసే ఒకాయన తన 1997 మోడల్ మహీంద్రా ఎంఎం 540 అమ్ముతానంటున్నాడు. ఫోర్ బై ఫోర్ (అవసరమైనప్పుడు నాలుగు చక్రాలూ లాగే బండి), ఏపీ 30 నంబరు, కొత్తగా మిలిటరీ ఆకుపచ్చ రంగు. ఇంజిన్ మొన్ననే చేయించానన్నాడు. 3 లక్షల 20 వేలు అడుగుతున్నాడు. కొనొచ్చా, లేక అదే డబ్బుకి మారుతి జిప్సీ చూసుకోవాలా అని మీ సందేహం.

ఆ ధరకి వద్దు. ఛాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే కింది ఇనుప చట్రం, గట్టిగా ఉండి, ఆర్సీ అమ్మే మనిషి పేరు మీదే ఉంటే, 2 లక్షల లోపు బేరం కుదిరితే తీసుకోండి. ఈ రెండిట్లో ఏది తేడాగా ఉన్నా లక్షకిచ్చినా వద్దు. ఇంజిన్ సంగతి చివర్లో చూద్దాం. మీరు మొదట దాని గురించే అడిగారు గానీ, నేను చివర్లోనే చెప్తాను.

విజయనగరంలో సాలూరు రోడ్డు మీద నాకు షెడ్డుంది. 27 ఏళ్లయింది. అంతకు ముందు సాలూరులో ఒక లారీ మేస్త్రి దగ్గర ఆరేళ్లు పానాలు అందించాను. ఆయన బండి వచ్చిందంటే బానెట్ ఎత్తేవాడు కాదు. గోనెసంచి పరుచుకుని కిందకి దూరేవాడు. "పైనంతా పెళ్లికూతురి సింగారంరా, కిందకెళ్తే అసలు సంగతి తెలుస్తాది" అనేవాడు. అప్పుడు నవ్వుకునేవాణ్ని. ఇప్పుడు నేనూ అదే పని చేస్తున్నాను, గోనెసంచి బదులు పాత ఫ్లెక్సీ వేసుకుంటున్నాను, అంతే తేడా.

ఛాసిస్ ఎందుకు ముందు? ఇంజిన్ పోతే బోర్ కొట్టించి, పిస్టన్లు, బేరింగులు మార్చి, పంపు సర్వీసు చేయిస్తే మళ్లీ పదేళ్లు లాగుతుంది. డబ్బు పడేస్తే అయ్యే పని. ఛాసిస్ అలా కాదు. ఆర్సీలో ఉన్న నంబరు కొట్టి ఉండేది దాని మీదే. అది కుళ్లిపోతే మీ దగ్గర మిగిలేది ఒక కాగితం, కొంత ఇనుము.

పైగా మీ జీపు ఉన్నది కవిటిలో. ఉద్దానంలో, అంటే ఆ కొబ్బరితోటల తీరంలో, ఉప్పుగాలి ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. సముద్రానికి దగ్గరగా ఏళ్ల తరబడి నిలబడ్డ జీపుకీ, బొబ్బిలి వైపు పొలాల్లో తిరిగిన జీపుకీ కింద ఇనుము చూస్తే పోలికే ఉండదు. సాలూరు ఘాట్ ఎక్కి దిగిన బండికి బ్రేకులు, క్లచ్, గేర్‌బాక్స్ అరిగి ఉంటాయి, వాటిని మార్చుకోవచ్చు. తీరం బండికి అరిగేది ఛాసిస్సే.

ఎలా చూడాలంటే, అరకిలో సుత్తి ఒకటి, స్క్రూడ్రైవర్, టార్చి, కొలిచే టేపు తీసుకెళ్లండి. ముందు కమాన్ కట్టలు (స్టీలు పట్టీల స్ప్రింగులు) ఛాసిస్‌కి బిగించిన బ్రాకెట్ల దగ్గర మొదలుపెట్టి వెనక అడ్డపట్టీ దాకా జానెడుకి ఒకసారి చొప్పున సుత్తితో తట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల తుప్పు తిన్న చోట శబ్దం చచ్చిపోయి, అట్టపెట్టె మీద కొట్టినట్టు వస్తుంది. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. దిగిందంటే ఇంక మాట్లాడాల్సిందేమీ లేదు. ముఖ్యంగా చూడాల్సినవి ముందు చక్రాల వెనక బురద పట్టుకునే చోటు, బాడీ ఛాసిస్ మీద కూర్చునే బుష్‌ల దగ్గర, వెనక కొక్కెం తగిలించే అడ్డపట్టీ. పైపైన ఎర్రగా ఉన్న తుప్పుకి భయపడకండి, అది బ్రష్ కొడితే పోతుంది. పొరలు పొరలుగా, మినప రొట్టె పెచ్చులా ఊడివచ్చే తుప్పుకి భయపడాలి.

తర్వాత టేపు పెట్టి కొలవండి. ఎడమ ముందు కమాన్ బోల్టు నుంచి కుడి వెనక కమాన్ బోల్టుకి ఒక కొలత, కుడి ముందు నుంచి ఎడమ వెనకకి ఇంకో కొలత. రెండూ ఒకటే రావాలి. ఒక అరసెంటీమీటరు అటూఇటూ అయితే పట్టించుకోను. అంతకు మించితే బండి ఎక్కడో గట్టిగా గుద్దుకుందనో, ఎవరో దాన్ని కోసి అతికారనో అర్థం.

కోసి అతకడమేమిటి అనుకోకండి. గజపతినగరం వైపు నుంచి ఒక మాస్టారు నాలుగున్నర లక్షలు పెట్టి కొన్న జీపు నా దగ్గరకి తెచ్చారు. అద్దంలా మెరిసిపోతోంది. వెడల్పు టైర్లు, లైట్ల బారు, పాటల పెట్టె, అన్నీ ఉన్నాయి. స్టీరింగ్ ఎడమకి లాగుతోంది, అలైన్‌మెంట్ చేసి పెట్టమన్నారు. జాకీ ఎత్తి కిందకి దూరాను. డ్రైవర్ సీటు కింద ఛాసిస్ మీద నల్ల తారు కోటింగ్ ఒకచోట మాత్రం మందంగా ఉంది. గోరుతో నొక్కితే మెత్తగా తగిలింది. స్క్రూడ్రైవర్‌తో గీకాను. తారు ఊడింది, దాని కింద పుట్టీ, పుట్టీ కింద వెల్డింగ్ గీత. అటు పక్క కూడా సరిగ్గా అదే చోట అదే గీత. ఒక జీపు ముందు సగం, ఇంకో జీపు వెనక సగం. మాస్టారు పక్కనే నిలబడి చూస్తున్నారు. ఏం మాట్లాడలేదు పాపం, కాసేపాగి "అలైన్‌మెంట్ కుదరదంటావా అయితే" అన్నారు. అప్పట్నుంచి కొత్త రంగు, కొత్త తారు కోటింగ్ చూస్తే నాకు సంతోషం కలగదు, అనుమానం వస్తుంది. అమ్మే ముందు నెలలో రంగు వేయించిన బండి కంటే, దుమ్ము కొట్టుకుని ఉన్న బండినే నేను ఎక్కువ నమ్ముతాను. అది దాచేదేమీ ఉండదు.

రంగు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మిలిటరీ ఆకుపచ్చ, అంటే ఆలివ్ గ్రీన్, రక్షణ శాఖ వాహనాలకి తప్ప ఇంకెవరికీ వేయకూడదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ రూలు అదే. రోడ్డు మీద వందల జీపులు ఆ రంగులో తిరుగుతున్నాయి, నిజమే. రెన్యువల్‌కి బండి చూపించేటప్పుడు మాత్రం ఇన్‌స్పెక్టరు పట్టుకుంటే మీ చేతి డబ్బుతో మళ్లీ రంగు వేయించుకోవాలి. అసలు ఆర్సీలో ఏ రంగు రాసి ఉందో చూడండి. బేరంలో ఆ రంగు ఖర్చు ఆయన లెక్కలోంచి తీసేయండి.

కాగితాలు. ముందు ఆర్సీ గడువు. 1997 బండికి మొదటి 15 ఏళ్లు 2012తో అయిపోయాయి. తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. అంటే 2017, 2022 అయ్యి ఉండాలి, మళ్లీ 2027. మధ్యలో ఒక్కటి చేయించకపోయినా దానికి ఫైన్లు, గ్రీన్ టాక్స్ బాకీ కలిసి మీ మీద పడతాయి. 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన కార్లు, జీపుల లాంటి తేలికపాటి వాహనాల రెన్యువల్ ఫీజు 10 వేలు చేసింది. అది ఫీజు మాత్రమే. బండిని ఫిట్‌నెస్‌కి నిలబెట్టే పని ఖర్చు వేరే.

ఆర్సీలో ఆయన పేరుందా అని అడగండి. "మా బావమరిది పేరు మీద ఉంది, ఒక ఫోను కొడితే వస్తాడు" అంటే, ఆ బావమరిది వచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి. 2003లో నేను నా సొంతానికి కొన్న మొదటి జీపు కథ ఇదే. ఆర్సీ ఉన్న పెద్దాయన చనిపోయాడు, అమ్మింది ఆయన రెండో కొడుకు. మామూలుగా 29, 30 ఫారాలు పెడితే పేరు మారిపోతుందనుకున్నాను. చనిపోయిన మనిషి బండి ముందు 31వ ఫారం మీద వారసుడి పేరుకి మారాలి, దానికి మిగతా అన్నదమ్ములు ఒప్పుకోవాలి. నలుగురు అన్నదమ్ములు, అందులో ఇద్దరికి పొలం తగాదా, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. రెండేళ్లు జీపు నా షెడ్డులో నిలబడింది, చివరికి బ్యాటరీతో సహా మెకానిక్ పిల్లలు విడిభాగాలకి వాడేశారు. ఆ మెకానిక్ పిల్లలు నా పిల్లలే అనుకోండి.

ఛాసిస్ నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. అంకెలన్నీ ఒకే లోతులో, ఒకే వరసలో పడాలి. చుట్టూ ఇనుము గ్రైండింగ్ చేసినట్టు నున్నగా ఉంటే వదిలేయండి. ఇంజిన్ నంబరు కూడా ఆర్సీతో సరిపోవాలి. ఈ పాత ఎంఎం 540ల్లో ప్యూజో అనే ఫ్రెంచి కంపెనీ డిజైన్ 2112 సీసీ డీజిల్ ఇంజిన్ ఉండేది. చాలామంది దాన్ని తీసేసి 2523 సీసీ డైరెక్ట్ ఇంజక్షన్ ఇంజిన్ పెట్టించుకున్నారు. పెట్టించుకోవడం తప్పు కాదు, ఆర్టీఓ దగ్గర అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించకపోవడం తప్పు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదని గట్టిగానే చెప్పింది. ఏ యాక్సిడెంటో అయినప్పుడు నంబరు కలవకపోతే ఇన్సూరెన్సు వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.

మన ఏజెన్సీ వైపు సర్వీసు కొట్టిన, అంటే కిరాయికి జనాన్ని తిప్పిన, జీపులు కొన్ని ఆర్సీలో ఇంకా ట్రాన్స్‌పోర్టు వాహనంగానే ఉంటాయి. పసుపు ప్లేటు తీసేసి తెల్ల ప్లేటు బిగించినంత మాత్రాన సొంత బండి అయిపోదు. వెనక రెండు బెంచీల కింద నేల ఎంత అరిగిందో చూస్తే అది ఎంతమందిని మోసిందో తెలిసిపోతుంది. పాత లోను ఆర్సీలో ఇంకా ఉంటే ఫైనాన్స్ వాళ్ల 35వ ఫారం అడగండి. ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ నంబరు బండి ఎవరైనా చౌకగా చూపిస్తే ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం), మన దగ్గర మళ్లీ కట్టే టాక్సు లెక్క వేసుకున్నాకే చౌకో కాదో తేల్చండి. "గవర్నమెంటు వేలంలో పాడాను, ఆర్సీ వస్తుంది" అనే మాట మాత్రం నమ్మకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దే, అవి తుక్కుకే పోవాలి. మిలిటరీ వాహనాల లెక్క వేరు.

తిత్లీ తుపాను అప్పుడు ఈ జీపు ఎక్కడుంది? ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. 2018 అక్టోబరు 11న తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కవిటి, సోంపేట చుట్టుపక్కల కొబ్బరి చెట్లు ఎలా పడ్డాయో అందరికీ తెలుసు. చెట్టు పడి వంగిన బండ్లు, నీళ్లలో నానిన బండ్లు చాలానే నా దగ్గరకి వచ్చాయి. నీళ్లు తాగిన బండిని పట్టుకోవాలంటే స్పీడోమీటరు అద్దం లోపల బురద గీత ఉందేమో, డాష్‌బోర్డు కింద వైర్ల కట్టలో ఇసుక రేణువులున్నాయేమో చూడండి. వెనక చక్రాల మధ్య ఉండే హౌసింగ్ ఆయిల్ పోసే బోల్టు విప్పించి వేలు పెట్టండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి.

ఇక ఫోర్ బై ఫోర్. పేరుకే ఉండే జీపులు సగం. ముందు కిందకి వంగి చూస్తే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (ముందు చక్రాలకి బలం తీసుకెళ్లే తిరిగే గొట్టం) ఉందా లేదా అన్నది తేలిపోతుంది. "మైలేజీ కోసం తీసి ఇంట్లో పెట్టాను" అంటే ఆ ఇంట్లోంచి తెప్పించి బిగించమనండి. నూటికి తొంభై సార్లు ఆ షాఫ్ట్ ఇంట్లో ఉండదు.

ఉంటే ఇలా పరీక్షించండి. ఇంజిన్ ఆపి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, ముందు ఒక్క చక్రాన్ని జాకీతో లేపండి. చక్రం మధ్యలో హబ్ లాక్ (చక్రాన్ని యాక్సిల్‌కి కలిపేది) ఉంటే లాక్ చేయండి. టూ వీల్‌లో చక్రాన్ని చేత్తో తిప్పితే షాఫ్ట్ కూడా తిరగాలి. ఇప్పుడు ఫోర్ వీల్‌కి లివర్ వేసి, ఫస్ట్ గేరులో పెట్టి మళ్లీ తిప్పండి. చక్రం కొంచెం ఆడి గట్టిగా ఆగిపోవాలి. ఎంత ఆడిందన్నదే అసలు లెక్క. నాలుగు వేళ్ల మందం దాకా ఆడితే పాత బండికి మామూలే. బాగా తిరిగి టకటకమని ఆగితే క్రాస్‌లు (షాఫ్ట్ కీళ్లు), క్రౌన్ (యాక్సిల్ లోపలి పళ్ల చక్రం) అరిగాయి. తిరుగుతూనే ఉంటే లోపల ఏదో తెగిపోయింది. అలాగే లేపిన చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే చక్రం బేరింగులో, చక్రం పక్కకి తిరిగే చోట ఉండే కింగ్‌పిన్ బేరింగులో పోయాయి, రేపు 50 స్పీడులో స్టీరింగ్ చేతుల్లోంచి ఎగిరిపోయేలా వణికేది అందుకే.

తర్వాత ఇసుకలోనో తడి మట్టిలోనో ఫోర్ వీల్ వేసి "లో" గేరులో (వేగం తక్కువ, బలం ఎక్కువ) నడిపి చూడండి. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపులు తిప్పకండి. ముందు చక్రాలు, వెనక చక్రాలు మలుపులో ఒకే దూరం వెళ్లవు. తారు జారనివ్వదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్‌బాక్స్ మీద పడుతుంది. ఇంకా మీ బండి కాకముందే దాన్ని విరగ్గొట్టడం బాగోదు కదా.

ఇంజిన్. ముందు రోజు ఫోను చేసి వస్తున్నానని చెప్పకండి. పొద్దున్నే వెళ్లి, స్టార్ట్ చేయకముందే బానెట్ ఎత్తి ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీ కోసం ముందే వెచ్చబెట్టారన్నమాట. చల్లారాక మళ్లీ వస్తానని చెప్పి టీ తాగి రండి. ప్యూజో ఇంజిన్ అయితే చల్లగా ఉన్నప్పుడు హీటర్ ప్లగ్గులు వేడెక్కే దాకా ఆగి స్టార్ట్ చేయాలి, అది లోపం కాదు. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీయండి. సన్నటి ఆవిరి పరవాలేదు. బీడీ ఊదినట్టు గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తే, మొన్న చేయించానన్న ఆ పని ఏదో మీకు అర్థమైపోతుంది. నీలం పొగ ఆయిల్ కాలడం, ఆగకుండా తెల్ల పొగ నీళ్లు కాలడమో పంపు, నాజిళ్ల లోపమో, నల్ల పొగ డీజిల్ ఎక్కువ పడటం. ఇంజిన్ చేయించిన బిల్లు, మార్చిన పాత పిస్టన్లు చూపించమనండి. నిజంగా చేయించిన వాళ్లు పాత పిస్టన్లు దాచుకుంటారు, ఇంట్లో యాష్‌ట్రే కింద అయినా ఉంటాయి.

టైర్లకి గుండీలు (నేలని పట్టే రబ్బరు దిమ్మలు) బాగున్నాయని మురిసిపోకండి. పక్కన నాలుగు అంకెలుంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో చేసిన టైరు. గుండీ అరగకపోయినా రబ్బరు చచ్చిపోయి ఉంటుంది.

ఇప్పుడు లెక్క. నా షెడ్డులో అయ్యే ఖర్చు చెప్తున్నాను, మీ దగ్గర కొంచెం అటూఇటూ ఉండొచ్చు. ఐదు టైర్లు 35 వేలు. నాలుగు చక్రాల బ్రేకులు, సిలిండర్లతో 15 వేలు. ముందు యాక్సిల్ బేరింగులు, సీళ్లు, క్రాస్‌లు 20 వేలు. వైరింగ్ 8 వేలు. రంగు మార్పు, చిన్న టింకరింగ్ 40 వేలు. పేరు మార్పిడి, రెన్యువల్, చిల్లర ఖర్చులు 20 వేలు. మొత్తం 1 లక్షా 38 వేలు. ఇంజిన్ బాగుందనుకుని వేసిన లెక్క ఇది. అన్నీ చేయించి నమ్మకంగా తిరిగే ఇలాంటి జీపుకి నేనిచ్చే విలువే 3 లక్షల 20 వేలు. అందులోంచి ఇది తీసేస్తే 1 లక్షా 82 వేలు. అక్కడ మొదలుపెట్టి 2 లక్షల దగ్గర ఆగండి.

జిప్సీ గురించి క్లుప్తంగా చెప్తాను. తేలిక బండి, 1298 సీసీ పెట్రోల్, ఇసుకలో బురదలో జీపు దిగబడే చోట జిప్సీ నడిచిపోతుంది. నాకు చాలా ఇష్టం. కానీ మామూలు జనానికి అమ్మడం 2019తో ఆగిపోయింది, అప్పట్నుంచి మంచి జిప్సీల ధర పైకే పోతోంది. మీరనుకున్న డబ్బుకి దొరికేది నేల రేకు కుళ్లిన జిప్సీయే. పొలం పని, అప్పుడప్పుడు సీతంపేట కొండలు అన్నారు కాబట్టి మీకు డీజిల్ జీపే నయం. ఎంఎం 540 సామాను ఇప్పటికీ దొరుకుతుంది, దాన్ని విప్పి బిగించగలిగే మెకానిక్ ప్రతి ఊళ్లో ఒకడుంటాడు.

చూడ్డానికి బాగోలేని జీపుని కూడా వదలకండి. బొబ్బిలి దగ్గర ఒక మామిడితోటలో ఎనిమిదేళ్లు కదలకుండా ఉన్న జీపుని ఒక కుర్రాడికి 85 వేలకి ఇప్పించాను. ఇంజిన్ పట్టేసింది, వెనక సీటులో కోడి గుడ్లు పెడుతోంది, నాలుగు టైర్లూ నేలకి అంటుకుపోయాయి. ఛాసిస్ మాత్రం సుత్తితో కొడితే గుడి గంటలా మోగింది. ఆర్సీ తోట యజమాని పేరు మీదే ఉంది. పైన ఇంకో లక్షన్నర అయింది కుర్రాడికి. ఆ జీపు ఇప్పుడు సుంకి ఘాట్ ఎక్కి ఒడిశా వెళ్లొస్తోంది. కోడి మాత్రం కొన్నాళ్లు షెడ్డు చుట్టూ తిరిగింది.

మీరు కవిటి వెళ్లేది ఆదివారం అన్నారు. బయానా డబ్బు జేబులో పెట్టుకుని వెళ్లకండి, ఫోనులో కూడా పంపించేయకండి. కింద పడుకోవడానికి పాత లుంగీ తీసుకెళ్లండి. ఆయన "ఏటి బాబూ, కొనీ మనిషివి అలా కింద దొర్లుతావేటి" అంటే నవ్వి ఊరుకోండి, సుత్తి మాత్రం ఆపకండి. 2 లక్షలు దాటితే లేచి వచ్చేయండి. వచ్చే దారే కాబట్టి పలాసలో ఆగి జీడిపప్పు తీసుకుంటే ఇంట్లో ఖాళీ చేతులతో వచ్చారన్న మాట కూడా ఉండదు.